మా రోజుల్లో మాట చదువులోనే ఉండేది

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది పిల్లల్ని పదిమందిని వరసగా కూర్చోబెట్టి "నీ గురించి చెప్పు" అని అడగండి. పదిమందీ ఒకే పాఠం అప్పజెబుతారు. కష్టపడి పనిచేస్తాను, తొందరగా నేర్చుకుంటాను, టీమ్‌లో ఇట్టే కలిసిపోతాను. నా బలం పాజిటివ్ యాటిట్యూడ్. నా బలహీనత ఏ పనైనా పర్ఫెక్టుగా వచ్చేదాకా వదలకపోవడం. హాబీలు పాటలు వినడం, క్రికెట్ చూడడం. ఊరి పేరు, నాన్నగారి పేరు మారతాయి. తక్కినదంతా అక్షరం పొల్లుపోదు. ఇచ్ఛాపురం అమ్మాయికీ ఆదిలాబాద్ అబ్బాయికీ ఒకే బలం, ఒకే బలహీనత ఎలా వచ్చాయి? ఎవరో రాసిచ్చారు, వీళ్ళు వల్లె వేశారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. నా కోపం పిల్లల మీద కాదు. ఇరవై ఏళ్ళు దాటిన మనిషికి తన గురించి చెప్పుకోవడానికి ఎవరివో మాటలు అంటగట్టిన పెద్దల మీద.

నేను బ్యాంకులో గుమాస్తాగా చేరి ఆఫీసరుగా రిటైరయ్యాను. కొంతకాలం ఇంటర్వ్యూ బోర్డుల్లో బల్లకి అవతలి పక్కన కూడా కూర్చున్నాను. ఇప్పుడు మా కాలనీలో ఎవరి పిల్లలకి ఇంటర్వ్యూ పిలుపు వచ్చినా "అంకుల్, ఒక్కసారి మాక్ ఇంటర్వ్యూ చెయ్యండి" అంటూ మా ఇంటికే వస్తారు. వాళ్ళను చూసి చూసి రాస్తున్న మాటలివి.

మా రోజుల్లో ఇంటర్వ్యూకని వేరే శిక్షణ ఉండేది కాదు. బళ్ళో పద్యం అప్పజెప్పి కూర్చోబోతే మా తెలుగు మాస్టారు కూర్చోనిచ్చేవారు కారు. "ఈ మాట ఎవరు ఎవరితో అన్నారు? ఎందుకన్నారు? నువ్వైతే ఏమనేవాడివి?" అని నిలబెట్టి అడిగేవారు. శనివారం మధ్యాహ్నం కత్తి గొప్పదా కలం గొప్పదా అని చర్చ పెట్టించేవారు. ఇంటికొస్తే తాతగారికి పేపరు బిగ్గరగా చదివి వినిపించాలి. పక్కింటి అవ్వకి మిలిటరీలో ఉన్న కొడుక్కి ఉత్తరం రాసిపెట్టాలి. ఆవిడ అరగంటసేపు చెప్పింది ఒక్క ఇన్‌లాండ్ కవరులో సరిపెట్టాలి, ముఖ్యమైనదేదీ జారిపోకూడదు. నాన్న "సొసైటీకి వెళ్ళి యూరియా వచ్చిందేమో కనుక్కురా" అని పంపేవారు. రాలేదట అని తిరిగొస్తే చాలేది కాదు. "ఎప్పుడొస్తుందన్నారు? ఎవరన్నారు? ఎన్ని బస్తాలట?" అని మళ్ళీ పంపేవారు. పెద్దవాళ్ళను మర్యాదగా పలకరించి, అడగాల్సింది అడిగి, విన్నది విన్నట్టు తిరిగి చెప్పడం పన్నెండేళ్ళకే వచ్చేసేది. ఉద్యోగంలో సగం పని అదే.

ఇంగ్లీషు మాకు అంతంత మాత్రం. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసవడం, రెన్ అండ్ మార్టిన్ గ్రామరు తిరగేయడం, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు గడువు తీరకుండా రెన్యువల్ చేయించుకోవడం, సర్టిఫికెట్ నకళ్ళ మీద సంతకం కోసం గెజిటెడ్ ఆఫీసరు గుమ్మం ముందు నిలబడడం, ఇవీ మా సన్నాహాలు. 1969 జులైలో 14 బ్యాంకులు, 1980లో మరో 6 జాతీయమయ్యాక పల్లెల్లో శాఖలు వరసగా తెరుస్తున్న రోజులవి. ఇంటర్వ్యూలో నన్నడిగిన ప్రశ్న ఇప్పటికీ చెవుల్లో ఉంది. "మీ ఊళ్ళో మా బ్రాంచి పెట్టామనుకో. మొదటి అప్పు ఎవరికిస్తావు?"

నాది చీరాల దగ్గర ఊరు. మా వీధి నిండా మగ్గాలు. నేతగాళ్ళకిస్తానన్నాను. ఎందుకని అడిగారు. మాస్టర్ వీవర్ నూలిస్తాడు, నేసిన చీర అతనికే ఇవ్వాలి, కూలి అతను కట్టిందే. సొంతంగా నూలు కొనుక్కునే పెట్టుబడి చేతిలో ఉంటే చీర ఎవరికమ్మాలో నేతగాడే తేల్చుకుంటాడని చెప్పాను. "అప్పు తీర్చకపోతే?" అన్నారు బోర్డులో ఒకాయన. వానాకాలంలో మగ్గం గుంటలోకి నీళ్ళొస్తాయి, ఆ రోజుల్లో పని సాగదు, వాయిదాలు ఆ నెలల్లో పెట్టకూడదన్నాను. ఇంగ్లీషులో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి వచ్చేశాను. వాళ్ళు ఆపలేదు, ముందుకు వంగి విన్నారు. ఆ జవాబు నాకే గైడూ ఇవ్వలేదు. మా వీధి ఇచ్చింది.

మా కాలమంతా బంగారమని చెప్పబోను. సిఫార్సు ఉత్తరం జేబులో పెట్టుకొచ్చేవాళ్ళు ఉండేవారు, దాన్ని చూసి మార్కులేసేవాళ్ళూ ఉండేవారు. ఆడపిల్ల కనబడితే "పెళ్ళయ్యాక మానేస్తావా అమ్మా" అని అడగడం తప్పనే ఆలోచనే చాలామందికి ఉండేది కాదు. చిన్న ఉద్యోగాలకు ఇంటర్వ్యూలెందుకని 2015 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రశ్నించారు. 2016 జనవరి 1 నుంచి కేంద్రంలో గ్రూప్ సీకీ, గెజిటెడ్ కాని గ్రూప్ బీ పోస్టులకీ ఇంటర్వ్యూ తీసేశారు. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకు కూడా తీసేసింది. సబబే. రాతలో ముందున్న పేదింటి పిల్లలు ఆ గదిలో వెనకబడిపోవడం నేనూ చూశాను. అయినా మాట అవసరం తీరిపోలేదు. చాలా బ్యాంకుల్లో పీవో ఉద్యోగానికి ఇప్పటికీ రాతపరీక్షనూ ఇంటర్వ్యూనూ 80, 20 పాళ్ళలో కలిపి లెక్కేస్తారు. సివిల్స్ మొత్తం 2025 మార్కుల్లో 275 ఇంటర్వ్యూవే. ప్రైవేటు కంపెనీల్లో ఆఖరి తీర్పు ఇంటర్వ్యూదే. ఇంటర్వ్యూ లేకుండా చేరిన గుమాస్తా ముందు కూడా మర్నాడు పొద్దున్నే పింఛను రాలేదని ఓ ముసలాయన వచ్చి నిలబడతాడు. ఆయనతో ఎలా మాట్లాడాలో ఎవరు నేర్పుతారు?

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో నాకు బాగా తెలుసు. ఇంటర్ రెండేళ్ళ దగ్గర. చీకటితో లేచింది మొదలు రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లు. పక్కవాడితో మాట్లాడితే తప్పు. వారం వారం పరీక్ష, ర్యాంకు, మళ్ళీ పరీక్ష. మనం ఎంసెట్ అని పిలుచుకున్నదాన్ని ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు. ఇంజనీరింగ్‌కి అందులో 160 ప్రశ్నలు, 3 గంటలు. 80 లెక్కలు, 40 ఫిజిక్సు, 40 కెమిస్ట్రీ. ఒక్కో బిట్టుకి నిమిషం చిల్లర. ఒక్క వాక్యం రాయక్కర్లేదు, ఒక్క వాక్యం పలకక్కర్లేదు. లక్షలమందిని వడకట్టడానికి ఏదో ఒక పరీక్ష కావాలి, ఒప్పుకుంటాను. కానీ పదహారు, పదిహేడేళ్ళ వయసు నలుగురిలో వాదించి, నవ్వించి, ఓడిపోయి, గొంతు నిలదొక్కుకునే వయసు. ఆ రెండేళ్ళూ పిల్లల నోళ్ళకు తాళం వేసి, తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోయాం.

తర్వాత ఇంజనీరింగ్ కాలేజీ. అక్కడ వైవా అని ఒకటుంది. మన చదువు మొత్తంలో ఇంటర్వ్యూకి దగ్గరగా ఉన్నది అదొక్కటే. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు ఎదురుగా కూర్చుంటాడు, నువ్వు చేసిన ప్రయోగం నువ్వు వివరించాలి, ఎందుకలా చేశావంటే చెప్పాలి. నాలుగేళ్ళలో అలాంటి సందర్భాలు ఎన్నో వస్తాయి. దాన్నేం చేశారు? రికార్డు సీనియర్ది చూసి దింపుతారు. వైవాలో ముందే చేతులు మారిన ప్రశ్నలు రెండడిగి సంతకం పెట్టి పంపేస్తారు. ఆఖరికి ప్రాజెక్టు కూడా కొంటారు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఇంజనీరింగ్ ప్రాజెక్టులు చేసిస్తామనే బోర్డులు చూడని హైదరాబాదీ ఉన్నాడా? డబ్బిచ్చి తెచ్చుకున్న ప్రాజెక్టు గురించి "ఇందులో నీకు కష్టమైన చోటేది?" అని ఇంటర్వ్యూలో అడిగితే పిల్లవాడు ఏం చెబుతాడు? కష్టపడ్డవాడు వేరే ఉన్నాడు.

ఇవన్నీ జరగనిచ్చి, ప్లేస్‌మెంట్లు దగ్గరపడ్డాక సీఆర్టీ (క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్) క్లాసులని పెడతారు. సెమినార్ హాలు నిండా పిల్లలు, మైకు పట్టుకున్న ట్రైనరు ఒకరు. చెయ్యెలా కలపాలి, టై ఎలా కట్టాలి, ఏ ప్రశ్నకి ఏ జవాబు చెప్పాలి. అంతమందిలో ఒక్కొక్కరి చేతా అయిదేసి నిమిషాలు మాట్లాడించే వ్యవధి ఆ ట్రైనరుకు ఎక్కడుంది? అందుకే అందరికీ ఒకటే జవాబు. అమెరికా వీసా ఇంటర్వ్యూలదీ అదే తీరు. కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉన్నప్పుడూ చూశాను, 2023లో నానక్‌రామ్‌గూడకు మారాకా చూస్తున్నాను. ఆ యూనివర్సిటీనే ఎందుకు ఎంచుకున్నావంటే పిల్లలు దాని వెబ్‌సైట్‌లోని వాక్యాలు అప్పజెబుతారు. కన్సల్టెన్సీ వాళ్ళు రాసిచ్చిన కాగితం అది.

కిందటేడు ఖమ్మం వైపు కుర్రాడొకడు వచ్చాడు. డేటా అనలిస్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. మామూలు పాఠమంతా అప్పజెప్పాడు. మధ్యలో "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్" అని ఆ ఒక్క వాక్యాన్నీ గబగబా దాటేశాడు. ఆపి తెలుగులో అడిగాను, "మీ నాన్నగారు ఏం వేస్తారు బాబూ?" "మిర్చండీ. తేజ రకం." అంతే, గొంతు మారిపోయింది. 2021-22లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది కదా. పూత రాలిపోతోంది, ఊరంతా మందు మీద మందు కొడుతున్నారు, వీళ్ళ నాన్నా కొడుతున్నాడు. ఈ కుర్రాడు మందుల కొట్టు చిట్టీలన్నీ ముందేసుకుని లెక్క కట్టాడు. ఇకమీదట పెట్టే ప్రతి రూపాయీ వచ్చేదాన్ని మించిపోతుందని తేలింది. బాగా దెబ్బతిన్న చెక్క పీకేసి మొక్కజొన్న వేద్దామన్నాడు. "ముందు తిట్టారండీ. కాయితం మీద ఎకరానికి ఎంత పడిందో చూపించాక రెండ్రోజులు మాట్లాడలేదు. తర్వాత సరేనన్నారు." మిగిలిన తోటలో వచ్చిన కాయను కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ధర చూసుకుని అమ్మారట.

ఎదుట ఉన్న చిక్కు, తన మీద పడ్డ బాధ్యత, తను చేసిన పని, దాని ఫలితం. శిక్షణ కేంద్రాల వాళ్ళు స్టార్ పద్ధతి అని పేరు పెట్టి ఫీజు తీసుకుని నేర్పే వరస ఇదే. ఈ కుర్రాడు ఎవరూ నేర్పకుండానే ఆ వరసలో చెప్పాడు. చెదిరిపోయిన అంకెలు పోగేశాడు, వాటిలోంచి నిర్ణయం తీశాడు, ఒప్పుకోని పెద్దమనిషిని కాగితం చూపించి ఒప్పించాడు. ఆ ఉద్యోగంలో చేయాల్సింది ఇంకేముంది? "ఇది ఇంటర్వ్యూలో చెప్పొచ్చా అంకుల్?" అన్నాడు. ఊరి సంగతులు, పొలం సంగతులు చెబితే చులకనైపోతావని ఎవరో చెప్పారట. ఆ చెప్పినవాణ్ణి నేను క్షమించలేను.

ఆ సంగతినే చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పించాను. కాలేజీ ప్రాజెక్టును మాత్రం వాళ్ళమ్మకి ఫోన్లో తెలుగులో వివరించి, ఆవిడ అడిగినవి రాసుకు రమ్మన్నాను. నా దగ్గరికొచ్చే పిల్లలందరికీ నేను పెట్టే మొదటి పని అదే. దేనికి పనికొస్తుంది నాయనా? ఎవరు వాడతారు? ఎంతవుతుంది? పాడైతే ఎవరు బాగుచేస్తారు? అమ్మలు అడిగే ఈ ప్రశ్నలే రేపు మేనేజర్లూ అడుగుతారు. అమ్మకి చెప్పగలిగినవాడు ఎవరికైనా చెప్పగలడు.

ఇంకో మాట. తెలియదని చెప్పడం ఇప్పుడు నేరమైపోయింది. ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలని నేర్పుతున్నారు. బోర్డులో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, డొంకతిరుగుడు మొదలుపెట్టిన మరుక్షణం అవతలివాళ్ళకి తెలిసిపోతుంది, అక్కడే తవ్వడం మొదలుపెడతారు. "ఇది నాకు తెలియదండీ. దీనికి దగ్గరగా ఫలానాది చేశాను, అది చెప్పమంటారా?" అన్నవాడికి మేం మార్కులు తగ్గించిన గుర్తు లేదు. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగడం కూడా పోయింది. సగం వినగానే వల్లె వేసిన జవాబు బయటికి తన్నుకొస్తుంది, అది అడగని ప్రశ్నకి జవాబవుతుంది. ఆఖర్న "నువ్వేమైనా అడుగుతావా?" అంటే ఏమీ లేదని లేచిపోతారు. మొదటి ఆరు నెలల్లో నేను చేయాల్సిన పనేమిటి, ఎవరి కింద నేర్చుకుంటాను అని అడగండి. ఏళ్ళ తరబడి చేయబోయే పని గురించి ఆ పాటి ఆరా లేకపోతే ఎలా?

ఇంగ్లీషు యాస గురించి పిల్లలకు ఉన్నంత బెంగ మరిదేని మీదా లేదు. వాల్మీకి కిష్కింధకాండలో హనుమంతుడు మొదటిసారి రాముడి ఎదుట మాట్లాడిన ఘట్టం ఉంది. అతని మాట విని రాముడు లక్ష్మణుడితో చెప్పేది చూడండి. ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం లేదు, ముఖంలో గానీ కళ్ళల్లో గానీ కనుబొమల్లో గానీ దోషం లేదు, సాగదీయలేదు, సందేహం మిగల్చలేదు, నత్తినత్తిగానూ హడావుడిగానూ లేదు, గొంతు మధ్యస్థంగా ఉంది. ఇంటర్వ్యూ బోర్డులో మేం చూసేవీ ఇవే. యాస కోసం మార్కులు నేనెప్పుడూ వేయలేదు. తెలుగు మీడియమని కుంగిపోయే పిల్లలకి రోణంకి గోపాలకృష్ణ పేరు చెబుతుంటాను. శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి నుంచి వచ్చి, తెలుగులోనే రాసి, 2016 సివిల్స్‌లో అఖిల భారత 3వ ర్యాంకు తెచ్చుకున్నారు. యూపీఎస్సీ ఇంటర్వ్యూను తెలుగులో ఇచ్చే వీలుంది, దుబాసీని వాళ్ళే ఏర్పాటు చేస్తారు. ఇంగ్లీషు నేర్చుకోండి, తప్పకుండా కావాలి. కానీ చెప్పడానికి సరుకు లేని చోట ఏ భాషా ఆదుకోదు.

ఇప్పుడు ఫోన్ల ముందు కూర్చుని ఇచ్చే ఇంటర్వ్యూల సంగతి చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కొన్ని కంపెనీల మొదటి రౌండులో అవతల మనిషే ఉండడు. తెర మీద ప్రశ్న వస్తుంది, ఆలోచించుకోవడానికి కొన్ని సెకన్లు, చెప్పడానికి ఒకటి రెండు నిమిషాలు, పక్కన గడియారం వెనక్కి నడుస్తూ ఉంటుంది. తల ఊపేవాడు లేడు, మళ్ళీ చెప్పమనేవాడు లేడు. పిల్లలు కూడా తక్కువ తినలేదు. పక్క తెర మీద ఏఐ రాసిచ్చే జవాబు చూసి చదువుతారు, వాళ్ళ కనుగుడ్లు ఎడమ నుంచి కుడికి కదలడం అవతలివాళ్ళకి కనబడుతూనే ఉంటుంది. తన బదులు మరొకరిని కూర్చోబెట్టే ప్రాక్సీ వ్యాపారం కూడా సాగుతోంది. అలా సంపాదించిన కుర్చీలో మొదటి రోజు పొద్దున్న ఎవరు కూర్చుంటారు? డబ్బు తీసుకున్నవాడు రాడు కదా.

ఇక ఉద్యోగంలో చేరాక. మా బ్రాంచిలో హెడ్డాఫీసుకి ట్రంక్ కాల్ బుక్ చేస్తే కలిసేసరికి గంటలు పట్టేది, మాట్లాడడానికి దొరికేది 3 నిమిషాలు. ఆలోగా కాగితం మీద రాసి పెట్టుకునేవాళ్ళం. మొదట విషయం, తర్వాత మాకేం కావాలి, ఆఖర్న ఎప్పటికల్లా కావాలి. తర్వాత ఎస్టీడీ బూత్‌లు వచ్చినా ఎర్ర అంకెలు పరిగెడుతుంటే అదే పద్ధతి. ఇప్పుడు మాట ఉచితం, అయినా ఫోనెత్తేవాడు లేడు. ఆఫీసు చాట్‌లో "హాయ్" అని పెట్టి అవతలివాళ్ళు పలికేదాకా ఊరుకుంటారు, ఏం కావాలో రాయరు. మా మేనల్లుడు గచ్చిబౌలిలో టీమ్ లీడరు. "మామయ్యా, కోడు రాసేవాళ్ళు దొరుకుతున్నారు, పని ఆగిపోయిందని ముందుగా చెప్పేవాళ్ళే దొరకడం లేదు" అంటాడు. గడువు రోజు సాయంత్రం బయటపెడతారట. నా మొదటి మేనేజరు గారు నేర్పిన మాట ఇప్పటి పిల్లలకి అలాగే అప్పగిస్తున్నాను. పని ఎక్కువైనప్పుడు కుదరదు సార్ అనకు. ఇది ఈ సాయంత్రం అయిదింటికి అవుతుంది, అది రేపు పదింటికి, ముందు ఏది కావాలో మీరు చెప్పండి అను.

కాలేజీలు నడిపేవాళ్ళు ఒక్క పని చేయండి. సీఆర్టీకి పెట్టే డబ్బులో సగం ఆపి, మొదటి ఏడాది నుంచే వైవాను వైవాలా జరిపించండి. ఒక్కో విద్యార్థికి పది నిమిషాలు, జాబితా లేకుండా, తను చేసిన పని మీద ప్రశ్నలు. తెలుగులో చెబితే తెలుగులో విని, తర్వాత ఇంగ్లీషులో చెప్పించండి.

బ్యాంకుల్లో, బళ్ళల్లో, ఆఫీసుల్లో పనిచేసి రిటైరై ఇంట్లో ఉన్న నా ఈడువాళ్ళకు మరో విన్నపం. మీ వీధిలో ఆఖరి ఏడాది చదువుతున్న పిల్లలెవరో మీకు తెలుసు. ఆదివారం ఒక గంట పిలిచి కూర్చోబెట్టుకోండి. పాఠాలేం చెప్పక్కర్లేదు. మీ ఊరేది, ఇంట్లో ఏ పనికి సాయపడ్డావు, కాలేజీలో నీ చేత్తో నువ్వు చేసిందేమిటి అని అడగండి. మధ్యలో అందుకుని మీ కథ మొదలుపెట్టకండి. వాళ్ళు ఆగితే "తర్వాతేమైంది?" అని అడిగి, వాళ్ళే చెప్పేదాకా ఓపికపట్టండి.